పాత కంటి సాక్ష్యం

మా అత్తగారు నక్షత్రం అంకె చెప్పేటప్పుడు గొంతు పెంచరు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెబుతారు. అలాంటి మనిషి ఆ సాయంత్రం డాబా మీద స్టూలు వేసుకుని కూర్చుని, "నలభై!" అని కేక పెట్టేసరికి, తీగ మీంచి దుప్పట్లు తీస్తున్న నా చేతిలోని క్లిప్పు జారి కింద పడింది.

"ఏమైంది అత్తయ్యా?"

"రాయి అమ్మాయ్, ముందు రాయి. నలభై. గుమ్మడి మసకబారింది!"

గుమ్మడి అంటే కూరగాయ కాదు. దక్షిణాన మా నీళ్ళ ట్యాంకుకీ, ఎదురింటి డాబాకీ మధ్య కనిపించే ఒక పసుపు నక్షత్రం. చదువుకున్నవాళ్ళు దాన్ని అతిదిగ్గజం అంటారు. సూర్యుడి చోట దాన్ని తెచ్చి పెడితే మన భూమి దాని పొట్టలో ఉంటుందట. ఆ పొట్ట ఓ పద్ధతీ పాడూ లేకుండా ఉబ్బుతుంది, తగ్గుతుంది. దాంతోపాటు వెలుగూ మారుతుంది. ఈ సంగతి విని మా మామగారు "అయితే గుమ్మడిపండే" అన్నారట. ఆయన పోయి ఆరేళ్ళయింది. పేరు మిగిలింది.

అది సాయంత్రాలు కనిపించే నెలల్లో, మబ్బు లేని ప్రతిరోజూ, ముప్పై ఏళ్ళుగా మా అత్తగారు దాని వెలుగు కొలుస్తున్నారు. పరికరమంటూ ఏమీ లేదు. గుమ్మడికి చెరోపక్కా రెండు మామూలు నక్షత్రాలున్నాయి. వాటి వెలుగు మారదు. ఎక్కువ వెలిగేది అక్క, తక్కువ వెలిగేది చెల్లెలు. అక్క అంకె ముప్పై నాలుగు, చెల్లెలి అంకె నలభై నాలుగు. ఈ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. అక్క నుంచి చెల్లెలి దాకా పది మెట్లున్నాయనుకుని, గుమ్మడి ఎన్నో మెట్టు మీద ఉందో కంటితో చూసి చెప్పాలి. మూడో మెట్టు మీద ఉంటే ముప్పై ఏడు. ఆరో మెట్టు మీద ఉంటే నలభై. అంతే విద్య. విద్య చిన్నదే గాని, నేను పద్దెనిమిదేళ్ళుగా పక్కన నిలబడి చూస్తున్నా నాకు అబ్బలేదు.

ఆవిడకు అది అబ్బింది కుట్టుపని వల్ల. వయసులో ఉన్నప్పుడు ఒక బట్టల దుకాణంలో కుట్టేవారు. ఏ గుడ్డకైనా సరిపోయే దారాన్ని రెండొందల రీళ్ళలోంచి చెయ్యి తడుముకోకుండా తీసేవారట. అక్కడికి కోటు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక లెక్కల మాస్టారు అది చూశారు. ఆయనకు ఆకాశం పిచ్చి. మారే నక్షత్రాలను కొలిచేవాళ్ళ సంఘం ఒకటి నడిపేవారు. "అమ్మా, ఈ కన్ను మాకో అరగంట అప్పివ్వండి" అన్నారు. ఇచ్చిన అరగంట ముప్పై ఏళ్ళయింది.

ఆ పనికి ఒక గట్టి నియమం ఉంది. నిన్నటి అంకె చూడకూడదు. చూస్తే ఇవాళ్టి అంకె దానివైపు ఒరిగిపోతుంది. అందుకని నోటుపుస్తకంలో పాత పేజీలన్నీ బట్టల క్లిప్పుతో బిగించి ఉంటాయి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని, ఆవిడ చెప్పిన అంకె రాయడం నా వంతు. నేను మాత్రం పాత అంకెలు చూడక తప్పదు. అందుకే ఆ సాయంత్రం నాకు తెలుసు. శుక్లం ఆపరేషనుకు ముందు, ఆఖరిసారి రాసింది ముప్పై ఏడు.

అవును, ఆపరేషను. కుడికంటికి శుక్లం తీసి కొత్త లెన్సు పెట్టి అప్పటికి పన్నెండు రోజులు. ఆకాశం చూడొచ్చని డాక్టరమ్మ ఒప్పుకున్న మొదటి సాయంత్రం అదే.

ఆ హడావుడిలో నియమం కూడా మరిచి నా చేత పాత అంకె చెప్పించుకుని, అత్తయ్య మెట్లు దిగుతూనే ఫోను తీసి సంఘం వాళ్ళ గ్రూపులో పెట్టేశారు: "గుమ్మడి మూడు మెట్లు దిగింది. అందరూ చూడండి!!!" పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఆశ్చర్యార్థకం వాడటం నేను ఎరగను. ఆవేళ మూడు పెట్టారు.

గంటలో జవాబులు వచ్చాయి. ముగ్గురు చూశారట. ముగ్గురికీ ఎప్పట్లాగే ఉందట. ఒకాయన మర్యాదగా చురక వేశాడు: "అమ్మగారూ, గుమ్మడి మీ డాబా మీద మాత్రమే మసకబారినట్టుంది."

భోజనాల దగ్గర మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ నవ్వాపుకున్నారు. ఆయన లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నారు. మూడు మెట్లు అన్న మాట వినగానే, "చూడమ్మా, మెట్లతో వచ్చే చిక్కే ఇది. గుమ్మడిని లిఫ్టు పెట్టించుకోమను" అన్నారు.

"నీకేం, నువ్వు నవ్వు" అన్నారు అత్తయ్య. అన్నం కెలుకుతున్నారు గాని తినడం లేదు.

అప్పుడే మాస్టారి ఫోను వచ్చింది. అత్తయ్య స్పీకరు పెట్టారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. సంఘం పట్టికలన్నీ ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉన్నాయి.

"అమ్మా, గుమ్మడి రెండు వారాల్లో మూడు మెట్లు దిగదు. అది ఏనుగులాంటిది, నెలలు పడుతుంది. కొలిచే చోట ఏదో మారింది."

ఆయన కన్ను అన్న మాటే అనలేదు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అత్తయ్య చెయ్యి కుడికంటి మీదికి వెళ్ళిపోయింది.

"ఆపరేషను చేయించుకున్నాను మాస్టారూ. ఇప్పుడు ఇదివరకటికంటే బాగా కనిపిస్తోంది."

"అదే నా భయం" అన్నారు ఆయన. మెల్లగా చెప్పుకొచ్చారు. "చాలా ఏళ్ళుగా మీ అంకెలు గుమ్మడి వెలుగు మెల్లమెల్లగా పెరుగుతోందని చెబుతున్నాయి. మిగతావాళ్ళు మూడు నెలలకోసారి చూసేవాళ్ళు, వాళ్ళలో వాళ్ళకే పడదు. అందుకని నేను మిమ్మల్నే నమ్మాను. ఇప్పుడు, మారింది నక్షత్రమో, చూసే కన్నో తేలాలి. తేలకపోతే ఆ ఏళ్ళన్నిటికీ పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. నా చేత్తో నేనే పెట్టాలి. మీరేమీ అనుకోవద్దు."

"అనుకోను" అన్నారు అత్తయ్య. ఫోను పెట్టేశాక పళ్ళెం పక్కకి జరిపి, "ప్రశ్నార్థకం" అన్నారు, ఎవరో చచ్చు కుట్టు వేసి తన పేరు చెప్పినట్టు.

మర్నాడు పొద్దున నేను పడకలు సర్దుతున్నాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి దిండు వైపు చూస్తున్నారు.

"ఇదెవరు కుట్టారు?"

"ఏది అత్తయ్యా?"

"ఈ గలీబు. తెల్ల గుడ్డకి ఇలా గుడ్డు పచ్చసొన రంగు దారం వేస్తారా ఎవరైనా? కొట్లో కొనుక్కొచ్చావా?"

నేను గలీబు మూల తిప్పి చూపించాను. మూలన చిన్న కుట్టుతో పోయిన ఏడాది సంఖ్య ఉంది. అది ఆవిడ దుకాణంలో నేర్చుకున్న అలవాటు; ఏం కుట్టినా మూలన ఆ ఏడాది సంఖ్య కుట్టాల్సిందే. ఏటా కొత్త దిండు గలీబుల జత ఒకటి కుట్టడం కూడా ఆవిడ అలవాటే.

అత్తయ్య గలీబును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. కుడికన్ను మూసి చూశారు. ఎడమకన్ను మూసి చూశారు. మళ్ళీ కుడికన్ను మూశారు.

"ఎడమకంటికి తెల్లగానే ఉందే" అన్నారు.

నాకప్పుడు విషయం కొంత తట్టింది. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, అలమారలోని గలీబులన్నీ తీసి మంచం మీద వరసగా పరిచాను, ఏడాది ప్రకారం. తొమ్మిదేళ్ళ కిందటి జత వరకూ దారం పాలలా తెలుపు. ఎనిమిదేళ్ళ కిందటి దాంట్లో వెలుతురుకి పట్టి చూస్తే కాస్త మీగడ రంగు. ఆ పైది ఇంకాస్త. తర్వాతవి వెన్న, చామంతి... పోయిన ఏటిది వచ్చేసరికి అరటిపండు తొక్క. ఆవిడ ప్రతిసారీ ఇదే తెలుపనుకుని రీలు తీశారు. ఇంట్లో ఎవరమూ చూడలేదు. దిండు గలీబు అంచును ఎవరు చూస్తారు? చూసే ఒక్క మనిషీ అత్తయ్యే, ఆవిడ కళ్ళకే కదా ఈ తిప్పలు.

అత్తయ్య ముఖం ఎర్రబడింది. "నేనా? నేను తెల్ల గుడ్డకి ఇది వేశానా?"

"మీరు కాదు అత్తయ్యా. శుక్లం."

డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది నాకు: ముదిరిన శుక్లం పసుపు అద్దంలాంటిది, రెండు కళ్ళకీ ఒకేలా ఉంది అని. పసుపు అద్దం అడ్డుపెట్టుకుని చూస్తే నీలం చీర నల్లబడుతుంది. పసుపు చీర మాత్రం అలాగే ఉంటుంది. గుమ్మడి పసుపు. మరి అక్కా చెల్లెళ్ళు?

"వాటి రంగేమిటి అత్తయ్యా?"

"తెలుపు" అన్నారు వెంటనే. "కాదు... నిన్న నీలంగా కనిపించాయి. నీలమే. వయసులో ఉన్నప్పుడు అలాగే ఉండేవి. మరిచేపోయాను."

అంటే పసుపు అద్దం ఏటికేడు చిక్కబడుతూ అక్కనీ చెల్లెల్నీ ఏటికేడు మసకబరిచింది. వాటి మధ్య గుమ్మడి, ఉన్నచోటే ఉండి, వెలుగు పెరిగినట్టు కనిపించింది. అత్తయ్య కొలత తప్పలేదు. కొలిచే గజంబద్దే కొంచెం కొంచెంగా సాగింది.

మాస్టారికి ఫోను చేసి ఇదంతా చెప్పాను.

"గలీబులా?" అన్నారు ఆయన.

"గలీబులే మాస్టారూ."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. "అమ్మాయీ, ఎప్పట్నుంచి అన్నది దిండ్లు చెప్పాయి. ఎంత అన్నది తేలాలి. పాత కన్ను ఇంకా ఉంది కదా? కొత్త కంటితో ఒకసారి, పాత కంటితో ఒకసారి, ఒకే సాయంత్రం, విడివిడిగా చూడమను. అలా పది సాయంత్రాలు. పదికి ఒక్కటి తగ్గినా నేను పట్టికలోకి ఎక్కించను. రెండోకంటి ఆపరేషను ఎప్పుడు?"

నేను క్యాలెండరు చూశాను. "పదహారు రోజుల్లో."

"అది అయిపోతే పాత కన్ను ఉండదు. మళ్ళీ అడుగుదామంటే ఎవర్నడుగుతాం?"

ఆ సాయంత్రం నేను మా ఆయన దగ్గర మాట కదిపాను, ఆపరేషను ఓ నెల వాయిదా వేస్తే ఎలా ఉంటుందని. ఆయన చెంచా కింద పెట్టేశారు. "మొన్న మెట్లమీద ఏం జరిగిందో చెప్పలేదా నీకు మీ అత్తగారు?"

చెప్పలేదు. ఒక కంటికి ఒకలా, ఇంకో కంటికి ఇంకోలా కనిపించి, ఆఖరి మెట్టు ఉందనుకుని గాల్లో కాలు వేశారట. కమ్మీ దొరకబట్టి సరిపోయింది.

"నిజం మెట్ల మీంచి పడి, ఆకాశంలో మెట్లు లెక్కపెడుతుందా? వాయిదా లేదు. ఇంకో మాట లేదు."

"వాడు చెప్పింది నిజమేనే" అన్నారు అత్తయ్య ఊరుకోబెడుతూ. "పదహారు రోజుల్లో పది సాయంత్రాలు దొరకవా? దొరుకుతాయి."

మొదటి మూడు రోజులూ దొరికాయి. అత్తయ్య కంటికి అడ్డం పెట్టుకోవడానికి రకరకాలవి చూసి, చివరికి గుంటగరిటె ఖాయం చేశారు. కంటి గుంటకి సరిగ్గా అతుకుతుంది, వెలుతురు దూరదు, కన్నుని నొక్కదు. ఏ కన్ను ముందు అన్నదానికి నేను నాణెం ఎగరేసేదాన్ని. కొత్త కంటికి ఆరు మెట్లు, పాత కంటికి మూడు. ఆరు, మూడు. ఒకసారి ఏడు, మూడు. రెండుసార్లు చూడటానికీ మధ్య పావుగంట విరామం. ఆ పావుగంటలో ఆవిడ ఆకాశం వైపు తిరగకుండా, చూసిన అంకె మరిచిపోవడానికి, పదిహేడో ఎక్కం వెనకనుంచి చదివేవారు.

నాలుగో సాయంత్రం తప్పు నాది. రెండోసారి, పాత కంటితో చూసి ఆవిడ "మూడు" అనగానే, రాస్తూ రాస్తూ నోరు జారాను. "అచ్చం నిన్నటిలాగే!"

గరిటె కిందికి దిగింది.

"కొట్టెయ్."

"అత్తయ్యా, మీరు చెప్పేశాకే కదా నేను..."

"ఇవాళ్టిది సరే. రేపు చూసేటప్పుడు నిన్న మూడని, మొన్న మూడని నా చెవిలో ఉంటుంది. మూడు కోసం వెతుకుతాను. ఇవాళ్టిదీ కొట్టెయ్, రేపూ చూడను. ఎల్లుండికి మరిచిపోతాను."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అన్నారు మా ఆయన, టీ కప్పులు పట్టుకుని అప్పుడే పైకొచ్చి.

"మూడా ఆరా అన్నది తేల్చడానికే కదరా ఈ అవస్థ. ఆ మూడంకె ఇంకెవరూ పలకొద్దు ఈ ఇంట్లో."

నేను ఆ గీత కొట్టాను. నా నోటి తీట రెండు సాయంత్రాలు మింగింది. ఆ తర్వాత నాలుగు రోజులు మబ్బు మింగింది. వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ కూడా నేను కిటికీలోంచి దక్షిణం వైపే చూసేదాన్ని. డాబా మీద నేను పెదాల మధ్య బట్టల క్లిప్పు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. చూడటానికి బాగుండదు గాని, నోరు జారదు.

మబ్బు తొలిగాక వరసగా ఆరు సాయంత్రాలు. పదిహేనో రోజుకి తొమ్మిది జతలయ్యాయి. మర్నాడు పొద్దున పదింటికి ఆపరేషను అనగా, చేతిలో ఉన్నది పదహారో సాయంత్రం ఒక్కటే.

ఆరోజు మధ్యాహ్నం నుంచీ ఆకాశం ఉతికి పిండని దుప్పటిలా ఉంది. ఆరున్నరకి పైకెళ్ళి కూర్చున్నాం. గరిటె, టార్చి, నోటుపుస్తకం, నాణెం. మా ఆయన కూడా పనినుంచి తిన్నగా పైకే వచ్చారు, చేతులకి గ్రీజుతోనే.

"మాస్టారు తొమ్మిదికి ఒప్పుకోరా?" అన్నారు.

"నేను ఒప్పుకోను" అన్నారు అత్తయ్య.

ఏడుంబావుకి దక్షిణాన దుప్పటికి చిన్న చిరుగు పడింది. అందులో అక్క కనిపించింది. వెనకే గుమ్మడి. తర్వాత చెల్లెలు. ముగ్గురూ ఉన్నారు. కానీ ఆ చిరుగు సరిగ్గా ఎదురింటి డాబా బల్బు మీద ఉంది.

ఎదురింటి డాబా మీద వయొలిన్ టీచరు సాయంత్రాలు పాఠం చెబుతుంది. ఆరుగురు పిల్లలు, ఆరు స్టాండ్లు, అన్నిటికీ కలిపి నెత్తిన ఒక పెద్ద బల్బు. మామూలుగా మేము ఏడున్నరకి పాఠం అయ్యేదాకా ఆగి చూస్తాం. ఆవేళ మబ్బు ఏడున్నర దాకా ఆగేలా లేదు.

"ఏమండీ!" అని నేను పిట్టగోడ మీదికి వంగి కేక వేశాను. "టీచరుగారూ! లైటు! ఒక్క ఇరవై నిమిషాలు లైటు ఆర్పేస్తారా?"

వయొలిన్లు ఆగాయి. "ఏమైనా అయిందా?" అందామె కంగారుగా.

నక్షత్రం, కన్ను, రేపు ఆపరేషను, ప్రశ్నార్థకం, ఇవన్నీ వీధికి అడ్డంగా అరిచి చెప్పడం ఎలా? "మా అత్తయ్య పాత కంటికి ఇదే ఆఖరి సాయంత్రం!" అని అరిచాను.

ఆమెకి ఏమర్థమైందో తెలియదు. "అయ్యో" అంది. లైటు ఆరిపోయింది. చీకట్లో పిల్లలు గోల. ఆమె గొంతు వినిపించింది: "ఏం ఫరవాలేదు. కాగితం చూడకుండా ఎవరికెంత వచ్చో ఇవాళ తెలుస్తుంది. మొదట్నుంచీ. ఒకటి, రెండు..."

నేను నాణెం ఎగరేశాను. పాత కన్ను ముందు. అత్తయ్య కుడికంటికి గరిటె పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, చూశారు. వీధికవతల ఆరు వయొలిన్లు ఆరు దారుల్లో పోతున్నాయి. ఒకటి ముందుగానే ఇల్లు చేరింది. ఒకటి సందు తప్పింది. ఆవిడ చెప్పారు. నేను క్లిప్పు కరిచిపట్టుకుని రాశాను. చిరుగు చెల్లెలి వైపునుంచి మూసుకుపోతోంది. పావుగంట విరామానికి వేళ లేదు. అత్తయ్య గరిటె చెయ్యి మార్చారు, పదిహేడో ఎక్కం ఒక్క గుక్కలో వెనకనుంచి చదివేసి, మళ్ళీ తలెత్తారు. చాలాసేపు చూశారు. చెప్పారు. రాశాను.

చెల్లెలు మబ్బులోకి పోయింది.

అప్పుడు నేను క్లిప్పు తీసి, "ఇప్పుడు చెప్పొచ్చా?" అన్నాను.

"చెప్పు."

"మూడు. ఆరు."

మా ఆయన గ్రీజు చేతులతోనే చప్పట్లు కొట్టారు. ఎదురు డాబా వాళ్ళు అది తమకే అనుకున్నారు. టీచరు లైటు వేసి, పిల్లలందరిచేతా వంగి నమస్కారం పెట్టించింది.

రెండో ఆపరేషను బాగా జరిగింది. తొమ్మిదోరోజు మాస్టారు ఫోను చేశారు. అత్తయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉన్నారు. స్పీకరు నేను నొక్కాను.

"పది జతలకీ సగటు తేడా మూడు మెట్లు. బాగుంది. ఎనిమిదేళ్ళ కిందట సున్నా నుంచి మొదలై, ఇప్పటికి మూడు. మీ దిండ్ల లెక్కన, ఏటికింతని మీ అంకెలన్నీ సరిచేశాను. ప్రశ్నార్థకాలు లేవు. ఒక్కటీ లేదు."

అత్తయ్య ఊపిరి వదిలారు. "అయితే గుమ్మడి వెలుగు పెరగలేదన్నమాట. పెరిగింది నా కంట్లో పసుపు. ఎనిమిదేళ్ళు లేని గొప్ప చెప్పుకున్నాను."

"పూర్తిగా వినండమ్మా. ఎనిమిదేళ్ళ కిందట, కన్ను శుభ్రంగా ఉన్నప్పుడు, మీరేం రాసేవారు?"

అత్తయ్య నా వైపు చూశారు. పాత పేజీలు చూసే హక్కు నాదే కదా. నేను పుస్తకం తెచ్చి, క్లిప్పు తీశాను. "ముప్పై తొమ్మిది. ఆ ఏడంతా అంతే."

"ఇప్పుడు కొత్త కంటితో?"

"నలభై" అన్నారు అత్తయ్య. అని, నల్లద్దాలు నుదుటి మీదికి తోసేశారు. "ఒక మెట్టు దిగింది!"

"దిగింది. ఎనిమిదేళ్ళకి ఒక మెట్టు. మూడు నెలలకోసారి చూసేవాళ్ళకి దొరకనంత మెల్లగా. మా సంఘంలో ఇది పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. గ్రూపులో నేనే రాశాను, చూడండి."

నేను ఫోను తీసి అందించబోయాను. అత్తయ్య నా చేతిలోంచే, కళ్ళద్దాలు లేకుండా, చిన్నక్షరాలన్నీ తప్పులేకుండా చదివారు: గుమ్మడి నిజంగానే మసకబారిందని, ఆవిడ కేక సరైనదేనని, ఎనిమిదేళ్ళు ఆలస్యమైందంతేనని. కింద చురక వేసిన ఆయన రాశాడు: "అమ్మగారూ, మీ డాబాకి క్షమాపణలు."

"ఒక్క మాటమ్మా" అన్నారు మాస్టారు. "ఆ గలీబుల్ని జాగ్రత్త చేయండి. లెక్కకి అవీ ఆధారమే. ఉతికి ఎండలో వెయ్యొద్దు, రంగు పోతుంది."

అత్తయ్య ముఖం మాడింది. తెల్ల గుడ్డ మీద అరటితొక్క దారాన్ని చూసిన రోజునుంచీ ఆవిడ చేతులు కత్తెర కోసం పీకుతున్నాయని నాకు తెలుసు. "కుట్లు విప్పి తెల్లదారంతో వేద్దామనుకుంటున్నాను మాస్టారూ. ఎవరైనా చూస్తే ఏమంటారు?"

"అత్తయ్యా, నిన్నటి అంకె దిద్దుతారా మీరెప్పుడైనా?" అన్నాను.

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూశారు. "మాటలు నేర్చావే" అన్నారు. కానీ కత్తెర అడగలేదు.

గలీబులన్నీ ఏడాది ప్రకారం పేర్చి, పాత చీరలో మూటగట్టి, నోటుపుస్తకాల పక్కన అలమారలో పెట్టి తాళం వేశాను. సాయంత్రానికి పడగ్గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"మరి నా దిండుకేదీ గలీబు?"

"అది ఆధారంరా, పడుకోకూడదు" అన్నారు అత్తయ్య.

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ అప్పటికే కుట్టు మిషను ముందు కూర్చుని ఉన్నారు. రీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వరసగా ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి, తెలుపనుకుని కొన్న మీగడ దారాలన్నీ ఓ పక్కకి పడేశారు. అట్టడుగున ఒకే ఒక్క రీలు దొరికింది. దాని కొస పట్టుకుని, నన్ను పిలవకుండా, ఎన్నో ఏళ్ళ తర్వాత తనే మొదటిసారికే సూది బెజ్జంలోకి ఎక్కించారు.

"ఇది తెలుపు" అన్నారు, దీపం వైపు పట్టుకుని. "నువ్వూ చూడు. నేను చెప్పానని కాదు. నీకేమనిపిస్తోందో చెప్పు."

చూశాను. తెలుపే.